మొసాదిక్ జీవితము: చమురుబావియు చమురుత్రోవయు

విశాఖపట్టణపు రేవునకు చేరువను నిలిచియున్న చమురుశుద్ధి కర్మాగారమును చూడని తీరవాసులు మనలో అరుదు. అది 1957 వ సంవత్సరమున కాల్‌టెక్సు కంపెనీవారిచే నెలకొల్పబడినదనియు, పిమ్మట మన ప్రభుత్వమునకు వశమైనదనియు పలువు రెఱుగుదురు. కాని యది మన తీరమునకు వచ్చుటకు గల కారణములలో నొకటి, వేయి క్రోసుల దూరమున నున్న ఇరాను దేశమున ఒక వృద్ధమంత్రికిని ఒక ఆంగ్ల కంపెనీకిని జరిగిన తగవని యెఱిగినవారు కొలదిమంది. ఆ మంత్రి పేరు మహమ్మదు మొసాదిక్. ఆతని జీవితమును నేడు మా పాఠకుల యెదుట నుంచుటకు కారణము కలదు. దేశమునకును దేశమునకును నడుమ పుట్టిన వర్తకపు తగవు మొదట ధరల ముచ్చటగా నుండును. పిదప దీపములకును ఓడలకును కావలసిన చమురును పట్టుకొనును. తుదకు రాయబారులను ఇంటికి పంపి, సైనికులను వీధులలోనికి రప్పించును. ఈ మెట్లన్నియు ఆ యొక్కని జీవితములోనే కానవచ్చుచున్నవి.

మొసాదిక్ 1882 వ సంవత్సరమున టెహరాను నగరమున గొప్ప కుటుంబమున జన్మించెను. తండ్రి కాజారు ప్రభువుల కొలువున ఆదాయవ్యయముల లెక్కలు చూచు పెద్ద యుద్యోగి. తల్లి రాజవంశపు ఆడుబడుచు. బాల్యముననే తండ్రి గతించెను. నాటి ఆచారము ననుసరించి తండ్రి వృత్తి కుమారునకు సంక్రమించుటచే, పదునాలుగు పదునైదేండ్ల ప్రాయముననే ఖొరాసాను పరగణా లెక్కలు ఆతని చేతికి వచ్చెను. రాచరికపు ధనము ఏ సందున వచ్చి ఏ గొందిని పోవునో ఆ బాలుడు కవిలెకట్టలలోనే కనుగొనెను. రాజులు విదేశయాత్రలకై అప్పులు చేయుటయు, ఆ యప్పులకై సుంకములను, పొగాకును, గనులను పరదేశీయులకు గుత్తకిచ్చుటయు ఆతడు కన్నులార చూచెను. 1906 వ సంవత్సరమున ప్రజలు పోరాడి రాజ్యాంగమును సంపాదించినప్పుడు మొదటి శాసనసభకు ఎన్నికయ్యెను గాని, ముప్పది యేండ్లు నిండలేదను కారణమున సభలో ప్రవేశింపజాలకపోయెను. అటుపిమ్మట పారిసులో చదివి, స్విట్జర్లాండునందలి నూషాటెల్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రమున డాక్టరు పట్టమును పొంది 1914 లో స్వదేశమునకు తిరిగివచ్చెను.

ఇట ఆ చమురు కథను కొంత చెప్పక తీరదు. 1901 వ సంవత్సరమున విలియం నాక్స్ డార్సీ యను ధనికునకు ఇరాను రాజు అరువది యేండ్ల గుత్తనిచ్చెను. ఉత్తరమునందలి అయిదు పరగణాలు తప్ప దేశమంతట చమురును వెదకుటకును, తీయుటకును, అమ్ముటకును హక్కు డార్సీది. రాజునకు దక్కినది రొక్కముగా 20,000 పౌనులు, అంతే విలువగల వాటాలు, ఏటేట నికరలాభమున నూటికి 16 పాళ్లు. తీసినకొలది ధనమే గాని చమురు కానరాలేదు. డార్సీ సంచి వట్టిపోవు సమయమున చేయూత నిచ్చినది బర్మా ఆయిలు కంపెనీ. బర్మాదేశపు బావుల చమురును కిరసనాయిలుగా మార్చి మన తాతముత్తాతల బుడ్డిదీపములకు అమ్ముచుండిన కంపెనీయే యిది. 1908 వ సంవత్సరము మే నెలలో మస్జిదె సులేమాను వద్ద చమురు పైకి చిమ్మెను. మరుసటి యేట ఆంగ్లో పర్షియను కంపెనీ పుట్టెను. పర్షియా అఖాతపు మొగదల నున్న అబాదాను దీవిలో శుద్ధి కర్మాగారము లేచెను. క్రమముగా అది ప్రపంచమున మిక్కిలి పెద్దదయ్యెను.

ఇంగ్లండు తన యుద్ధనౌకలకు బొగ్గును మాన్పి చమురును వాడ నిశ్చయించినది ఆ దినములలోనే. ఇంగ్లండున బొగ్గుగనులు కలవు, చమురుబావులు లేవు. కావున నౌకామంత్రియగు చర్చిలు పూనికచే 1914 వ సంవత్సరమున బ్రిటిషు ప్రభుత్వము 22 లక్షల పౌనులు చెల్లించి ఆ కంపెనీలో సగమునకు మించిన భాగమును కొనెను. నాటినుండి వర్తకునకును రాజునకును గల యెడము చెరిగిపోయినది. చమురు కొనువాడు, అమ్మువాడు, పన్ను తీసికొనువాడు, తగవు పుట్టినచో నౌకలను పంపువాడు, అందఱును ఒక్కరే యైరి. రెండవ ప్రపంచయుద్ధానంతరమున కంపెనీ తన లాభములపై ఆంగ్ల ప్రభుత్వమునకు చెల్లించిన పన్ను, చమురు నేలకు సొంతదారగు ఇరానునకు దక్కిన దానికంటె అధికముగా నుండెను. ఇంటివానికి చారెడు, గుమ్మమున కాపున్నవానికి మానెడు!

స్వదేశమునకు వచ్చిన మొసాదిక్ ఫార్సు పరగణాకు గవర్నరుగాను, ఆర్థికమంత్రిగాను, అజర్‌బైజాను గవర్నరుగాను, విదేశాంగమంత్రిగాను పనిచేసెను. లంచము తీసికొనడను ఖ్యాతియు, పట్టిన పట్టు విడువడను ఖ్యాతియు అప్పుడే వచ్చినవి. 1925 లో సేనాపతియగు రెజాఖాను సింహాసనము నెక్కబూనినప్పుడు, శాసనసభలో లేచి కాదనిన కొలదిమందిలో ఆతడొకడు. ప్రధానమంత్రియు సేనాపతియు రాజును ఒక్కడే యైనచో రాజ్యాంగమున కర్థము లేదని ఆతని వాదము. అందులకు ఫలముగా పలు సంవత్సరములు అహమదాబాదను తన పల్లెలో సేద్యము చూచుకొనుచు ఊరకుండవలసివచ్చెను. 1940 లో చెరకును పోయెను. 1941 లో ఆంగ్ల, రష్యా సేనలు దేశమున జొచ్చి రెజాషాను గద్దె దింపినతరువాతనే మరల ప్రజల యెదుటకు వచ్చెను.

ఈ నడుమ ఆ రెజాషాయే డార్సీ గుత్తను 1932 లో రద్దుచేసి, మరుసటి యేట దానికంటె చిరకాలపు గుత్తను వ్రాసియిచ్చెను. టన్నుకు నాలుగు షిల్లింగుల హక్కుసొమ్ము, ఏటికి కనీసము 7,50,000 పౌనులు లభించునను ఆశచే, 1961 తో ముగియవలసిన గుత్తను 1993 వఱకు పొడిగించెను. కొండంత రంకెవేసి గోరంత గెలిచెనని ప్రజలు గ్రహించిరి. 1944 లో రష్యావారు ఉత్తరపు చమురును కోరగా, శాసనసభ్యుడైన మొసాదిక్ ఒక బిల్లును తెచ్చి నెగ్గించెను. సభ యనుమతి లేక ఏ మంత్రియు పరదేశీయులతో చమురుగుత్తను గూర్చి బేరమాడరాదు, ఆడినచో చెరసాల. దక్షిణము ఆంగ్లేయుల దైనందున ఉత్తరము రష్యావారికిచ్చి తూకము సరిచేయుద మను పాతనీతిని ఆతడు తిరస్కరించెను. ఒక చేయి నరకబడినవాడు తూకము సరిపోవుటకై రెండవచేతి నిచ్చునా? ఎవరికిని ఏమియు నీయకుండుటయే ఆతని తూకము.

1949 వ సంవత్సరమున కంపెనీ పాత గుత్తకు ఒక అనుబంధమును ప్రతిపాదించెను. హక్కుసొమ్ము పెరుగును గాని, లెక్కలను పరిశీలించు హక్కు ఇరానువారికి రాదు. బాల్యమునుండి లెక్కలు చూచిన మొసాదిక్కునకు కవిలె చూపని భాగస్వామి వంటి అనుమానాస్పదుడు వేఱొకడు లేడు. 1950 డిసెంబరులో సౌదీ అరేబియాలో అమెరికను కంపెనీ లాభమును సగము సగముగా పంచుకొనుటకు ఒప్పుకొనినవార్త టెహరాను చేరిన పిదప, కంపెనీ మాట వినువా రెవ్వరును లేకపోయిరి. 1951 మార్చి నెలలో అప్పటి ప్రధాని రజ్మారా హత్యకు గురియయ్యెను. కొలది దినములకే ఉభయసభలును చమురు పరిశ్రమను జాతీయము చేయు తీర్మానము నామోదించినవి. ఏప్రిలు చివర మొసాదిక్ ప్రధానమంత్రి యయ్యెను. నష్టపరిహారమును తోసిపుచ్చలేదు, చమురు రాబడిలో నూటికి 25 పాళ్లవఱకు అందులకై ప్రత్యేకించుటకు చట్టమునందే వీలుండెను.

అంతట తగవు కోర్టుల నెక్కెను. ఇంగ్లండు హేగు నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానమునకు పోయెను, భద్రతాసమితికిని పోయెను. అబాదానుపై సేనలను దింపవలెనను తలంపును అట్లీ మంత్రివర్గము ఆలోచించి, అమెరికా ఒప్పకపోవుటచే మానుకొనెను. 1951 అక్టోబరు మొదటి వారమున ఆంగ్లోద్యోగులు యుద్ధనౌక నెక్కి అబాదానును విడిచిరి. అదే నెలలో మొసాదిక్ న్యూయార్కు పోయి భద్రతాసమితి యెదుట తన దేశపు వ్యాజ్యమును నడపెను. సన్నని దేహము, మూర్ఛలు, కన్నీరు, మంచముపై పరుండియే రాయబారులతో మాటలాడుట మొదలగువానిని పాశ్చాత్య పత్రికలు పరిహసించినవి. 1952 జూన్ నెలలో హేగులోను స్వయముగా నిలిచెను. జూలై 22 వ తేదీన తీర్పు వచ్చెను. 1933 నాటి గుత్త ఒక దేశమునకును ఒక కంపెనీకిని నడుమ నొడంబడికయే గాని రెండు దేశముల నడుమ సంధి గాదనియు, కావున నా తగవును విచారించు నధికారము తమకు లేదనియు న్యాయమూర్తులు తొమ్మిదిమంది నిర్ణయించిరి, అయిదుగురు భేదించిరి. ఆ తొమ్మిదిమందిలో ఆంగ్లేయుడగు న్యాయమూర్తి మెక్నేరును ఒకడు. ఇది న్యాయస్థానమునకును ఆ న్యాయమూర్తికిని కీర్తి తెచ్చిన విషయము.

న్యాయము గెలిచినది, చమురు మాత్రము కదలలేదు. వ్యవసాయదారులగు మా పాఠకులకు దీనిని వివరించుట సులభము. మడి మనదే, పట్టా మనపేరనే యున్నది, కోర్టు తీర్పును మనవైపే. కాని పంటను సంతకు తోలు బండ్లు పరునివి, సంతలోని కాటాయు పరునిది. అట్టి పంట కళ్లమునందే కుళ్లును. ఇరాను గతి యట్లే యయ్యెను. బావులు, గొట్టములు, కర్మాగారము ఇరాను చేతికి వచ్చినవి. సముద్రముపై చమురు నోడలు మాత్రము కొలది పెద్ద కంపెనీల యధీనమున నుండెను. ఇరాను చమురు దొంగసొత్తు, కొన్నవారిపై దావా వేయుదుమని ఆంగ్ల కంపెనీ ప్రకటింపగా తక్కిన పెద్ద కంపెనీలు దానితో చేయి కలిపినవి. 1952 జూన్‌లో రోజ్ మేరీ యను ఓడ ఇరాను చమురుతో పోవుచుండ ఏడెను రేవునకు మరలింపబడెను. అచ్చటి బ్రిటిషు న్యాయస్థానము ఆ సరకు కంపెనీదేయని తీర్పు చెప్పెను. 1953 లో జపానుదేశపు ఇదెమిత్సు కంపెనీ నిస్షో మారు అను తన ఓడను తెగించి అబాదానునకు పంపి, సరకును క్షేమముగా చేర్చుకొనెను. అది ధైర్యమునకు గుర్తు. కాని యొక్క ఓడతో ఒక రాజ్యపు బొక్కసము నిండునా? 1950 లో దినమునకు ఆరు లక్షల పీపాలకు మించి తీసిన దేశము రెండేండ్లలో అందు స్వల్పాంశమునకు దిగెను.

ఆంగ్ల ప్రభుత్వము అంతటితో ఆగలేదు. తన బ్యాంకులలోని ఇరాను పౌనులను డాలర్లుగా మార్చుకొను వసతిని తీసివేసెను. పంచదార, ఉక్కు మొదలగు సరకుల ఎగుమతిని నిషేధించెను. మొసాదిక్ ప్రజలకు ఋణపత్రముల నమ్మెను; దిగుమతులను బిగించి, తివాచీలు, ఎండుపండ్లు మున్నగువాని ఎగుమతిని పెంచి దేశమును నిలువబెట్టెను. భూస్వామి యయ్యును, భూస్వాముల భాగమున నూటికి 20 పాళ్లు తగ్గించి, అందు సగము సేద్యగాండ్రకును సగము గ్రామాభివృద్ధికిని చెందునట్లు 1952 లో శాసించెను. 1952 అక్టోబరులో ఇంగ్లండుతో రాయబార సంబంధములను త్రెంచెను. టెహరాను నందలి ఆంగ్ల రాయబారకార్యాలయము మూతపడెను.

మొసాదిక్ నమ్మిన దొకటి కలదు: లోకమునకు ఇరాను చమురు లేక గడవదు. ఇచ్చటనే ఆతని లెక్క తప్పినది. అమెరికా ప్రభుత్వము తన కంపెనీల నొక సంఘముగా కూర్చి సరఫరాను పంచెను. కువైటు, సౌదీ అరేబియా, ఇరాకు బావులు ఇరాను లోటును పూడ్చినవి. 1952 లో లోకపు మొత్తపు ఉత్పత్తి 1950 నాటికంటె అధికమయ్యెను! శుద్ధిచేసిన సరకు విషయమున మాత్రము తూర్పుదేశములకు చిక్కు కలిగెను. మన దేశమునకు దిగుమతియగు పెట్రోలు, కిరసనాయిలు మున్నగువానిలో చాలభాగము అబాదానునుండియే వచ్చుచుండెను. పరదేశపు కర్మాగారమును నమ్మి యుండరాదను పాఠము ఢిల్లీకి తెలిసెను. 1951 చివర రెండు కంపెనీలతోను, 1953 లో కాల్‌టెక్సుతోను మన ప్రభుత్వ మొడంబడికలు చేసికొనెను. వాని ఫలములే బొంబాయి ట్రాంబే కర్మాగారములును, మన విశాఖపట్టణపు కర్మాగారమును. చెరువు గండిపడిన చోటు వేఱు, నూతులు త్రవ్వుకొనిన చోటు వేఱు.

కథ ముగింపు విషాదకరము. 1952 జూలైలో యుద్ధశాఖ తన కీయవలెనని కోరి, రాజు కాదనగా మొసాదిక్ రాజీనామా నిచ్చెను. ప్రజలు వీధులలో ప్రాణములొడ్డి అయిదు దినములలో ఆతనిని మరల గద్దెపై నిలిపిరి. కాని యేడాది తిరుగకమున్నే మిత్రులు చీలిరి. మతపెద్దయగు కాషానీ దూరమయ్యెను. వర్తకుల, సైనికుల ఓరిమి తఱుగుచుండెను. 1953 ఆగస్టున శాసనసభను రద్దుచేయుటకు ప్రజాభిప్రాయసేకరణ జరపి, ఔననువారికి ఒకచోటను, కాదనువారికి వేఱొకచోటను పెట్టెలుంచుట ఆతని జీవితమునకు మచ్చ. రహస్య మత హక్కును కాపాడవలసిన న్యాయశాస్త్రజ్ఞుడు చేయదగిన పని కాదది. ఆంగ్లేయులు వంటరిగా చేయజాలని పనికి అమెరికాలో అధికారమునకు వచ్చిన కొత్తప్రభుత్వము తోడుపడెను. ఇరుదేశముల గూఢచారులు ధనమును వెదజల్లి, పత్రికలను, గుంపులను, సేనాపతులను చేరదీసిరి. ఆగస్టు 15 వ తేదీ రాత్రి చేసిన మొదటి ప్రయత్నము విఫలమై రాజు దేశమును విడిచి పాఱిపోయెను. 19 వ తేదీన రెండవ ప్రయత్నము ఫలించెను. టాంకులు ప్రధాని యింటిపై గుండ్లు కురిసినవి. గోడ దాటి తప్పించుకొనిన వృద్ధుడు మఱునాడు తానుగా లొంగిపోయెను. సైనిక న్యాయస్థానము మూడేండ్ల చెర విధించెను. అది ముగిసినతరువాత అహమదాబాదు పల్లెలోనే కావలిలో నుంచిరి. 1967 మార్చి 5 వ తేదీన టెహరాను నగరమున మరణించెను. 1952 జూలైలో తనకై ప్రాణములిచ్చినవారి సరసను పూడ్చవలెనని కోరెను. ఆ కోరిక తీరలేదు. తన యింటనే ఒక గదిలో సమాధి యయ్యెను.

ఎవరికేమి దక్కినదో విచారింతము. 1954 లో పలు కంపెనీల కూటమి ఏర్పడెను. పూర్వము చమురంతయు తనదైన ఆంగ్ల కంపెనీకి దక్కినది నూటికి 40 పాళ్లు, అమెరికను కంపెనీలకు 40, డచ్చివారు ప్రధానముగా గల షెల్ కంపెనీకి 14, ఫ్రెంచివారికి 6. పిల్లుల తగవు తీర్చవచ్చిన కోతి రొట్టెను తిన్న కథను మా పాఠకు లెఱుగుదురు. ఇరానునకు సగము లాభము లభించెను. కాని కంపెనీకి పరిహారముగా పదేండ్లలో రెండుకోట్ల యేబది లక్షల పౌనులు చెల్లింపవలసివచ్చెను. ఐనను బావులు ఇరాను జాతీయ కంపెనీ సొత్తేయను మాటను మాత్రము తుడిచివేయుట కెవ్వరికిని సాహసము కలుగలేదు. ఓడిన మంత్రి చట్టమే నిలిచెను. ఈజిప్టు 1956 లో సూయజు కాలువను జాతీయము చేసినప్పుడును, 1960 లో చమురుదేశములు బాగ్దాదున కూడి తమ సంఘమును స్థాపించినప్పుడును ఇరాను అనుభవము వారి కన్నుల యెదుట నుండెను.

గెలిచినవారికి దక్కిన లాభమును అట్టే నిలువలేదు. బలాత్కారముచే తిరిగివచ్చిన రాజును ప్రజలు 1979 లో వెళ్లగొట్టిరి. ఆ యేడే అమెరికా రాయబారకార్యాలయము ముట్టడింపబడెను. అచ్చటినుండియే మరల కుట్ర జరుగునేమోయని 1953 ను మఱువని జనులు భయపడిరి. ఆ కుట్రలో తన పాత్రను అమెరికా గూఢచారిశాఖ తన పత్రములలో బహిరంగముగా ఒప్పుకొనినది 2013 లో, అనగా అరువది యేండ్లకు. పాతికేండ్ల చమురుకొఱకు తరతరముల స్నేహమును కోలుపోయిరి. ఏ వర్తకుడును ఇట్టి బేరమును లాభముగా లెక్కింపడు.

మొసాదిక్ దోషరహితుడని మేము చెప్పము. రాజీకి వచ్చిన ప్రతిపాదనలన్నింటిని త్రోసిపుచ్చుట వివేకమని మేమనుకొనము. 1952 ప్రారంభమున ప్రపంచ బ్యాంకు తాత్కాలికముగా చమురు నమ్మిపెట్టుటకు సిద్ధపడినప్పుడు ఆ సందును వాడుకొని ఊపిరి పీల్చుకొనవలసినది. కాని బలవంతుడు తన కంపెనీ తగవును రాజ్యపు తగవుగా మార్చినప్పుడు, బలహీనుడు రాజీకి దిగనందులకు బలహీనునే నిందించుట న్యాయము కాదు. 1993 వఱకు రాదగిన లాభములను కూడ పరిహారములో చేర్చవలెనని పట్టుబట్టిన కంపెనీకి ఎట్టి రాజీ సమ్మతమగును?

ఈ జీవితము మనకు చెప్పునది స్పష్టము. నేలలోని సంపదపై హక్కు చట్టముచే కలుగును. ఆ హక్కును అనుభవించుటకు ఓడలు, సంతలు, నాణెము, నేర్పరులైన ఇంజనీర్లు, ఆపదలో నిలుచు మిత్రులును కావలెను. వీనిని సమకూర్చుకొనక హక్కును ప్రకటించిన జాతి ఆకలికి గురియగును. వీనిని ఆయుధములుగా చేసికొని ఒక జాతి గొంతు నులిమిన వారికి నేటి చమురు దక్కునేమో గాని రేపటి వాకిలి మూతపడును. విదేశపు చమురుతో తన దీపమును వెలిగించుకొను మన దేశము ఈ రెండు పాఠములను ఎన్నడును మఱువరాదని మా మనవి.